మా ఊరి పొలాల పేర్లు రాసుకుంటున్నాను

కందుకూరు కింద మా ఊళ్లో రెండు ఆదివారాలుగా పెదనాన్నను బండెక్కించుకుని, నోటు పుస్తకం పట్టుకుని డొంకలన్నీ తిరుగుతున్నాను. ఫోన్లో మ్యాప్ తెరిస్తే మా ఊరి చుట్టూ ఒక్క పేరూ కనపడదు, ఆయన నోరు తెరిస్తే మాత్రం ప్రతి కయ్యకూ ఒక పేరుంది.

పాటిదిబ్బ దగ్గర ఆయన చెప్పు అంచుతో మట్టి గీకితే ఎర్రటి పెంకు ఒకటి బయటపడింది, అంచున గోటితో నొక్కినట్టు వరసగా గుంటలు. పాటి అంటే పాతకాలంలో ఊరున్న చోటు. ఆ బూడిదరంగు మన్ను బలమని బండ్లకెత్తి పొలాలకు తోలేవాళ్లట, అందుకే దిబ్బ ఇప్పుడు మోకాలెత్తు కూడా లేదు.

దొరువుల చేను ఇంకో రకం. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో లోతుగా తవ్వితే ఉప్పునీళ్లు పడతాయి, పైపైన తవ్వితే వాననీరు తియ్యగా ఊరుతుంది, ఆ గుంటే దొరువు. బోర్లొచ్చాక పూడ్చేశారు, పేరొక్కటే మిగిలింది.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం అయింది, అంతకుముందు కందుకూరు నెల్లూరులోనే ఉండేది. జిల్లా పేర్లు మారినా కాగితాల్లో దొరుకుతాయి. ఈ చేల పేర్లు ఊరి భూముల లెక్క రాసే రెవెన్యూ రికార్డు అడంగల్లో ఉండవు, అక్కడ నంబర్లే, పైగా రీసర్వేలో ఆ నంబర్లూ మారుతున్నాయి. పెదనాన్నకు ఎనభై దాటాయి, నాకదే టెన్షన్.

మీ ఊళ్లో పెద్దవాళ్లుంటే ఈ వారమే అడగండి. పేరు వాళ్లు పలికినట్టే రాయండి, సరిచేయకండి. వచ్చే ఆదివారం మేం చెరువు అలుగు వైపు వెళ్తున్నాం.