లూప్ మధ్యలో లాక్ వదిలితే జరిగేది

లినక్స్ కెర్నల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి భాగానికి) ఎవరైనా రాసిన ప్యాచ్, అంటే కోడ్ మార్పు, రివ్యూకి వస్తే నేను ముందు వెతికేది ఒక్కటే, లిస్ట్ మీద లూప్ తిరుగుతూ మధ్యలో ఎక్కడైనా లాక్ (ఆ లిస్ట్‌ని ఇంకెవరూ అదే సమయంలో మార్చకుండా ఆపేది) వదిలి మళ్ళీ పట్టుకున్నారా అని. లినక్స్‌లో స్పిన్‌లాక్ (దొరికేదాకా సీపీయూ నిద్రపోకుండా తిరుగుతూ కాచుకునే లాక్) పట్టుకుని నిద్రపోకూడదు కదా, లోపల మ్యూటెక్స్ (కాచుకుంటూ నిద్రపోగల లాక్) తీసుకోవాల్సి వచ్చినా జీఎఫ్‌పీ కెర్నల్ (నిద్రపోయినా ఫర్వాలేదని చెప్పే ఫ్లాగ్) తో మెమరీ అడగాల్సి వచ్చినా చాలామంది అన్‌లాక్ చేసి పని కానిచ్చి మళ్ళీ లాక్ చేసేస్తారు, అడిగితే లిస్ట్ మీద తిరగడానికి ఉన్న సేఫ్ మాక్రోనే (లిస్ట్ ఫర్ ఈచ్ ఎంట్రీ సేఫ్) వాడాం కదండీ అంటారు.

ఆ "సేఫ్" మన లూప్ ఇప్పుడున్న ఎంట్రీని తనే తీసేసుకుంటే పనికొస్తుంది, అంతే. తర్వాతి ఎంట్రీ పాయింటర్‌ని ముందే దాచిపెట్టుకుంటుంది. లాక్ లేని ఆ కాసేపట్లో ఇంకో సీపీయూ సరిగ్గా ఆ తర్వాతి ఎంట్రీనే తీసి ఫ్రీ చేసేస్తే మనం పోయిన మెమరీ మీద నడుస్తున్నట్టే. ఇంకా ఫ్రీ కాకుండా లిస్ట్‌లోంచి తీసేసి మాత్రమే ఉంటే దాని నెక్స్ట్ పాయింటర్‌లో పాయిజన్ విలువ (తీసేశాం అని గుర్తుగా కావాలనే పెట్టే చెల్లని అడ్రస్) ఉంటుంది, 64 బిట్ ఎక్స్86 ఊప్స్‌లో (కెర్నల్ తప్పు జరిగినప్పుడు ఇచ్చే రిపోర్ట్‌లో) "డెడ్" తర్వాత వరుసగా సున్నాలు, చివర 100 కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఇదే.

రెఫరెన్స్ కౌంట్ (ఆబ్జెక్ట్‌ని ఎంతమంది వాడుతున్నారన్న లెక్క) పెంచితే చాలదా అని అడుగుతారు. దాంతో ఆ ఆబ్జెక్ట్ బతికి ఉంటుంది, నిజమే, కానీ లిస్ట్‌లోనే ఉందన్న గ్యారంటీ ఎక్కడిది? నాకు నచ్చే పద్ధతి, లిస్ట్ ఖాళీ అయ్యేదాకా లాక్ కిందే మొదటి ఎంట్రీని తీసేసి, అప్పుడు లాక్ వదిలి పని చేసుకుని, మళ్ళీ లాక్ పట్టుకుని మొదటి నుంచే చూడటం. దాచిపెట్టిన పాయింటర్ అంటూ ఏదీ ఉండదు. ఎంట్రీలు లిస్ట్‌లోనే ఉండి తీరాలంటే మాత్రం ఇది కుదరదు, అప్పుడు ఆర్‌సీయూ (చదివేవాళ్ళు అయిపోయేదాకా పాత ఎంట్రీని ఫ్రీ చేయకుండా ఆపే పద్ధతి) గురించి ఆలోచించాలి, అందులోనూ రీడ్ సెక్షన్ మధ్యలో వదిలేస్తే కథ మళ్ళీ మొదటికే.

లూప్ అయ్యాక ఇటరేటర్ (లూప్‌లో ఇప్పుడున్న ఎంట్రీని చూపించే పాయింటర్) వాడటం ఇంకో తలనొప్పి. బ్రేక్ పడకపోతే అది అసలు ఎంట్రీయే కాదు, లిస్ట్ హెడ్ నుంచి లెక్కకట్టిన ఉత్తుత్తి అడ్రస్. 2022లో కెర్నల్ 5.18తో సీ భాష పాత ప్రమాణం సీ89 నుంచి సీ11కి మారడానికి దారితీసింది ఈ చర్చే.

2006లో వచ్చిన లాక్‌డెప్ అనే చెకింగ్ టూల్ లాకుల వరుస తప్పితే అరుస్తుంది గానీ ఈ పాత పాయింటర్ సంగతి దానికి తెలీదు. కేసాన్ (తప్పుడు మెమరీ వాడకాన్ని కనిపెట్టే టూల్) పట్టుకుంటుంది, టెస్టులో ఆ రేస్ (రెండు సీపీయూలు ఒకే ఎంట్రీ కోసం ఢీకొట్టుకోవడం) నిజంగా తగిలితేనే. అందుకే అన్‌లాక్ కనిపించిన ప్రతిచోటా ఆగి, కింద వాడుతున్న ఒక్కో పాయింటర్ ఎప్పటిదో చూసుకుంటూ పోతాను.