జీరోస్ అని రాస్తే రెజొనెన్స్ మాయమైంది

మోటారు బిగించే బ్రాకెట్‌కి హార్మోనిక్ అనాలిసిస్ చేశాను, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీతో ఊపితే అది ఎంత కదులుతుందో కంప్యూటర్‌లో లెక్కించడం. సాల్వర్ (ఆ లెక్క కట్టే సాఫ్ట్‌వేర్) ప్రతి ఫ్రీక్వెన్సీకీ ప్రతి నోడ్ (మోడల్‌లోని ఒక్కో బిందువు) దగ్గరా కదలికను కాంప్లెక్స్ (సంకీర్ణ) సంఖ్యగా, అంటే వాస్తవ భాగం, కల్పిత భాగంగా ఇస్తుంది. వాటిని పైథాన్‌లోకి చదివి గ్రాఫ్ గీస్తే, రెజొనెన్స్ (ఊపు బాగా పెరిగిపోయే ఫ్రీక్వెన్సీ) రావాల్సిన చోట కదలిక దాదాపు సున్నా! దానికి అటొక గుట్ట పైకి, ఇటొక గుట్ట కిందికి. మెష్ (బ్రాకెట్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టిన వల) మార్చాను, డాంపింగ్ (ఊపును అణిచే గుణం) మార్చాను, రోజంతా టెన్షన్.

తప్పు మెష్‌లో లేదు. ఫలితాలు పెట్టుకోవడానికి నంపైలో (పైథాన్ లెక్కల లైబ్రరీ) జీరోస్‌తో అరే (సంఖ్యల పట్టిక) చేసుకున్నాను. టైప్ కాంప్లెక్స్ అని చెప్పకపోతే అది ఫ్లోట్ (మామూలు దశాంశ సంఖ్యల) అరే అవుతుంది, అందులో కాంప్లెక్స్ అరేని పోస్తే వాస్తవ భాగం మాత్రం ఉంచుకుని మిగతాది పారేస్తుంది. వార్నింగ్ ఇస్తుంది గానీ, స్క్రిప్ట్ మొదట్లోనే నేను వార్నింగులన్నీ ఆపేసి ఉంచాను.

పోయింది చిన్న భాగమా అంటే, కాదు. డాంపింగ్ 2 శాతం ఉన్న ఒక స్ప్రింగు, ఒక బరువు తీసుకోండి. అదే బలం నిలకడగా పెడితే కదలిక 1 అనుకుంటే, రెజొనెన్స్ దగ్గర అది మైనస్ 25 జె (జె అంటే మైనస్ 1 వర్గమూలం, కల్పిత భాగానికి గుర్తు). అంటే వాస్తవ భాగం సున్నా, ఆ 25 రెట్లూ కల్పిత భాగంలోనే! ఇంటర్ 2ఎలో సంకీర్ణ సంఖ్యలు చదివినప్పటి నుంచీ కల్పితం అంటే లేనిది అన్న భావనే నాలో ఉండిపోయింది, ఇక్కడ దాని అర్థం కదలిక బలం కంటే 90 డిగ్రీలు వెనకబడి ఉందని, అంతే. బ్రాకెట్‌ని పగలగొట్టేది అదే.

అప్పటి నుంచి మిగతా స్క్రిప్టులూ తవ్వాను. పైథాన్ సొంత మ్యాక్స్ కాంప్లెక్స్ సంఖ్యలిస్తే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, నంపై మ్యాక్స్ మాత్రం ముందు వాస్తవ భాగాలను పోల్చి కిమ్మనకుండా ఏదో ఒకటి ఇచ్చేస్తుంది, కాబట్టి ముందు ఆబ్స్ (సంఖ్య పరిమాణం) తీయాల్సిందే.

ఆబ్స్ తీసినా అన్నిచోట్లా సరిపోదు. ఎక్స్ దిశలో 1, వై దిశలో 1జె ఉన్న నోడ్ గుండ్రంగా తిరుగుతోందన్నమాట, దాని దూరం ఎప్పుడూ 1 మాత్రమే. రెండింటి ఆబ్స్ తీసి వర్గాలు కలిపి మూలం తీస్తే 1.414 వస్తుంది, 41 శాతం ఎక్కువ. అందుకే ఇప్పుడు ఫేజ్‌ని (ఊపులో ఏ క్షణమో చెప్పే కోణం) 5 డిగ్రీల చొప్పున 180 వరకు తిప్పి, ఒక్కో చోట దూరం చూస్తాను, ఆ తర్వాత గుర్తు మారడమే తప్ప పరిమాణం అదే. వాన్ మిసెస్‌కీ (ఒక చోటి ఆరు స్ట్రెస్‌లను కలిపి ఒకే సంఖ్యగా చెప్పేది) అంతే, ప్రతి ఫేజ్ దగ్గర ఆరు స్ట్రెస్‌లనూ ముందు వాస్తవ విలువలుగా మార్చి, లెక్క తర్వాత కట్టి, అన్నింట్లో పెద్దది తీసుకుంటున్నాను.