పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చాడు

మన బడి పాత విద్యార్థుల సావనీర్ కమిటీ వాళ్ళు పొద్దున్నే ఫోన్ చేసి "ఏరా వేమవరం, నువ్వూ ఒక వ్యాసం పంపాలి" అన్నారు. నలభై ఏళ్ళు దాటినా ఆ పేరు నన్ను వదల్లేదన్నమాట.

దానికి ముహూర్తం పెట్టిన రోజు మీకు గుర్తే. ఎనిమిదో తరగతిలో తెలుగు మాస్టారు జాతీయాలు చెబుతూ చెబుతూ 'పుల్లయ్య వేమవరం' దగ్గరికొచ్చారు. పనేంటో వినకుండానే వేమవరం వెళ్ళొచ్చినవాడి కథ అది. నా పేరూ పుల్లయ్యే మరి! మూడో బెంచీలో మొదలైన నవ్వు గంట కొట్టేదాకా ఆగలేదు. తల వంచుకుని ఏడ్చాను. ఆయన చూడలేదనుకున్నాను.

మర్నాడు పుస్తకం తెరవలేదు. "లవకుశ ఎంతమంది చూశారు?" అన్నారు. చేతులన్నీ లేచాయి. "తీసిందెవరు?" అన్నీ దిగిపోయాయి. "1934లోనే ఒకసారి తీశాడు. మళ్ళీ రంగుల్లో మొదలుపెట్టి, ఒంట్లో బాగోక కొడుక్కి అప్పగించాడు. చిత్తజల్లు పుల్లయ్య! శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం తీసింది ఇంకో పుల్లయ్య." క్లాసంతా గప్‌చుప్. అప్పుడు మన జీడిగాడు (ఇంకెవడు!) లేచి, "వాళ్ళు కూడా వేమవరం వెళ్ళారాండీ?" అన్నాడు. ముందు నవ్వింది మాస్టారే. ఆ సంక్రాంతికి టెంటు హాల్లో లవకుశ ఆడినప్పుడు, పేర్లు పడుతుంటే మీరేసిన ఈలలకి ఆపరేటరు బొమ్మ ఆపేశాడు. నా జన్మలో అంత గొప్ప సన్మానం మళ్ళీ జరగలేదు.

తొమ్మిదో తరగతి ఏమైందో నాకు బొత్తిగా గుర్తులేదు.

టెన్త్ ఫారాలు నింపేటప్పుడు పేరు మార్చుకోవచ్చన్నారు. 'ప్రదీప్' అని నోటుబుక్కు నిండా సంతకాలు ప్రాక్టీసు చేశాను. అమ్మ చూసింది. "నీ ముందు ఇద్దరు పోయార్రా. నిన్ను పుల్లాకుల్లో, అంటే ఎంగిలి విస్తళ్ళలో, దొర్లించి దక్కించుకున్నాను. అందుకే ఆ పేరు" అంది. ఇంకేం మాట్లాడతాం? అయినా మా వీధిలోనే ఒక పెంటయ్య, ఒక పిచ్చయ్య ఉండేవాళ్ళు. వాళ్ళతో పోలిస్తే నాది కాస్త షోకైన పేరే.

కరెంటాఫీసులో ఏఈగా చేరి డీఈగా రిటైరయ్యాను. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతులు 'డీఈ గారున్నారా' అని కాదు, 'పుల్లయ్య గారున్నారా' అని అడిగేవాళ్ళు. ఆ మధ్య అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఆర్నెల్లు ఉన్నాం. అక్కడ ఏ షాపుకెళ్ళినా తలుపు మీద 'పుల్' అని ఉంటుంది. మనవడు చూపించి, "తాతయ్యా, ఇదీ నీదే" అంటాడు.

అన్నట్టు, వ్యాసం ఎన్ని పేజీలో, దేని మీద రాయాలో కమిటీ వాళ్ళని అడగనేలేదు. వాళ్ళు చెప్పబోతుండగానే 'సరే' అని పెట్టేశాను. రాత్రికి రాత్రే రాసి పంపేస్తున్నాను.