యోసెమిటీ అడవిలో అమ్మానాన్నలకు బస

విశాఖలో రిటైరైన తల్లిదండ్రులు వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లిరావడం మా ఎంవీపీ కాలనీలో ఇంటింటి ముచ్చటే. ఈసారి మా అమ్మానాన్నల వంతు వచ్చింది. కాలిఫోర్నియాలో ఉంటున్న చెల్లి, మరిదిగారు వాళ్లను యోసెమిటీ నేషనల్ పార్కుకు తీసుకువెళ్లి, ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే హడావిడి లేకుండా, రాత్రి అడవిలోనే ఉంచాలనుకున్నారు. బస వెతికే పని మాత్రం నాకు అప్పగించారు. వేసవిలో వాళ్ల గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక నడుస్తుంది కాబట్టి, వాళ్లు నిద్రపోయే వేళకు నేను ఇక్కడ పట్టపగలు తీరిగ్గా బుకింగ్ వెబ్‌సైటు ముందు కూర్చోవచ్చు.

యోసెమిటీ లోయలో 1927లో కట్టిన అహ్వానీ అనే రాతి హోటల్ ఉంది. దాని అద్దె రూపాయల్లోకి మార్చి చెప్పగానే నాన్నగారు, “ఆ డబ్బుతో అరకులో నెల్లాళ్లు కాపురం పెట్టొచ్చమ్మా” అన్నారు. దాంతో ఆ మాట అక్కడితో ఆగిపోయింది. పార్కులోనే ఉన్న టయోగా రోడ్డు మీద, వైట్ వుల్ఫ్ దగ్గరా టువాలమీ మెడోస్ దగ్గరా, కట్టెల పొయ్యి ఉన్న గుడారాలు ఉన్నాయి. వాటి ఫోటోలు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే అవి ఎనిమిది వేల అడుగులు, ఆ పైన ఎత్తులో ఉన్నాయి. టువాలమీలో వేసవి రాత్రులు కూడా గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటాయి. మన అరకు లోయ ఎత్తు సుమారు మూడు వేల అడుగులు. సముద్రం ఒడ్డున బతికే, డెబ్బై దాటిన మనుషులను నేరుగా అంత ఎత్తుకు తీసుకువెళ్లి నిద్రపుచ్చడం నాకు నచ్చలేదు. నాలుగు వేల అడుగుల ఎత్తున్న యోసెమిటీ లోయే మాకు సరిపోతుందని తేల్చుకున్నాం.

లోయలో సామాన్యుల బస అంటే ముందుగా చెప్పుకోవలసింది కర్రీ విలేజ్. డేవిడ్, జెన్నీ కర్రీ అనే ఉపాధ్యాయ దంపతులు 1899లో ఏడు గుడారాలతో, రోజుకు రెండు డాలర్ల అద్దెతో మొదలుపెట్టిన చోటు అది. ఒకప్పుడు దానికి నేరుగా పైనున్న గ్లేసియర్ పాయింట్ కొండ అంచు నుంచి రాత్రిపూట నిప్పుకణికలను కిందికి తోసి, నిప్పుల జలపాతంలా చూపించేవారట; ఆ వేడుకను 1968లో ఆపేశారు. అడవిలో అలాంటి పని అన్నేళ్లపాటు చేయనిచ్చారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు అక్కడ సుమారు 400 గుడారపు గదులు ఉన్నాయి. చెక్క అరుగు, దాని మీద చట్రానికి బిగించిన కాన్వాస్ గోడలు, మంచాలు, దుప్పట్లు, పైన ఒక బల్బు, అంతే. నీళ్లు రావు, ఫోను చార్జింగ్ పెట్టుకోవడానికి ప్లగ్ పాయింట్ ఉండదు. మరుగుదొడ్లు, స్నానాల గదులు అందరికీ కలిపి వేరే కట్టడంలో ఉంటాయి. అదే ఆవరణలో చెక్క గోడల క్యాబిన్లు కొన్ని ఉన్నాయి. వాటిలో సొంత బాత్‌రూమ్ ఉన్నవి యాభైకి లోపే, మిగిలినవాటికి మళ్లీ ఆ ఉమ్మడి కట్టడమే గతి. కొంచెం దూరంలో మెర్సెడ్ నది ఒడ్డున హౌస్‌కీపింగ్ క్యాంప్ ఉంది: 266 గదులు, ఒక్కొక్కదానికి మూడు వైపుల కాంక్రీటు గోడ, నాలుగో వైపు తెర, పైన కాన్వాస్ కప్పు. పరుపు మీద వేసుకునే దుప్పట్లు మనమే తెచ్చుకోవాలి, లేదా అక్కడ అద్దెకు తీసుకోవాలి.

చెల్లికి హౌస్‌కీపింగ్ క్యాంపే నచ్చింది, కారణం వంట. కర్రీ విలేజ్ గుడారాల్లో, క్యాబిన్లలో వంట చేసుకోనివ్వరు; అక్కడి భోజనశాలలో తినాలి, లేదా పిజ్జాతో సరిపెట్టుకోవాలి. హౌస్‌కీపింగ్ క్యాంపులో మాత్రం గది ముందు స్టవ్ పెట్టుకుని అన్నం, చారు కాచుకోవచ్చు. శనివారాలు ఒంటిపూట ఉండే మా అమ్మకు ఇది చిన్న విషయం కాదు. అయినా నేను ఒప్పుకోలేదు. నాన్నగారు రాత్రి ఒకటికి రెండుసార్లు లేస్తారు. అక్కడ వేసవిలోనూ తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10, 15 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ చలిలో స్వెటరు తొడుక్కుని, చెప్పులు వెతుక్కుని, చీకట్లో టార్చి వేసుకుంటూ పైన్ చెట్ల వేళ్ల మధ్య నడిచివెళ్లి తిరిగిరావాలి. భోజనం ఒక పూట అటూ ఇటూ అయినా పులిహోరతో, పెరుగన్నంతో గడిచిపోతుంది. ఈ నడకకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు అద్దె, కిటికీలోంచి కనబడే కొండ ఇవన్నీ పక్కనపెట్టి, మంచానికీ బాత్‌రూమ్‌కూ ఎంత దూరమన్నదే ముందుగా చూసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఎలుగుబంట్ల సంగతి చెప్పినప్పుడు ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. కాలిఫోర్నియాలో గ్రిజ్లీ జాతి అంతరించి సుమారు వందేళ్లయింది. ఇప్పుడు యోసెమిటీలో ఉన్నవి నల్ల ఎలుగుబంట్లు, వాటిలో చాలావాటి రంగు గోధుమే అయినా. అవి మనిషి జోలికి వచ్చేది తక్కువ. వాటి ధ్యాసంతా తిండి మీదే. అందుకే ప్రతి గుడారం ముందు ఇనుప పెట్టె ఒకటి పెట్టి, తినే వస్తువులన్నీ అందులోనే ఉంచాలని నియమం పెట్టారు. చీకటి పడ్డాక కారులో కూడా ఉంచకూడదు, ఎందుకంటే వాసన పసిగడితే అవి కారు తలుపును వంచి పీకేస్తాయి. నియమం తప్పితే 5,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. తిండి ఒక్కటే కాదు, వాసన వచ్చేదేదైనా పెట్టెలోకే వెళ్లాలి. నేను ఫోనులో చదువుతుంటే అమ్మ తన సామాను జాబితా ముందు పెట్టుకుంది: ఆవకాయ సీసా, సున్నుండలు, టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె. చివరికి, “దేవుడి కర్పూరం కూడా ఎలుగుబంటి పెట్టెలోనేనా?” అని అడిగింది. అవును, కర్పూరం, అగరుబత్తులు కూడా. నూనె ఓడే ఆవకాయ సీసాను రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి మరీ పెట్టాలని చెప్పాను.

గుడారాల విషయంలో చెల్లిని భయపెట్టింది వేరే వార్త. 2012లో యోసెమిటీలో బస చేసిన పదిమందికి హంటా వైరస్ సోకి, ముగ్గురు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కర్రీ విలేజ్‌లోని 91 ప్రత్యేక గుడారాల్లో దిగినవాళ్లు. చలి ఆగడానికి వాటికి రెండు పొరల గోడలు కట్టారు. ఆ పొరల మధ్య డీర్ మైస్ అనే ఎలుకలు గూళ్లు పెట్టుకున్నాయి. ఎండిన ఎలుక పెంట, మూత్రం ధూళిగా గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఈ జబ్బు వస్తుంది. ఆ గుడారాలను అప్పుడే తీసివేశారు. ఇప్పుడున్నవి ఒంటిపొరవి కనుక నేను అంతగా భయపడలేదు గానీ, గదిలో ఎక్కడైనా ఎలుక పెంట కనిపిస్తే చీపురుతో ఊడవకుండా సిబ్బందిని పిలవమని చెల్లికి గట్టిగా చెప్పాను. గదిలో చిరుతిళ్లు తిని పొడి రాల్చకూడదన్న నియమానికి అసలు అర్థం ఎలుగుబంటి కంటే ఎలుకలోనే ఎక్కువ కనిపించింది నాకు.

2008 అక్టోబరులో కొండ నుంచి బండలు విరిగిపడి గుడారాల మీదికి వచ్చాక, కర్రీ విలేజ్‌లో మరీ కొండ మొదట్లో ఉన్న 233 గదులను శాశ్వతంగా మూసేశారు. గదులకు ఇంత కొరత రావడానికి అది కూడా ఒక కారణం. ఏడాది ముందు నుంచే బుకింగులు తెరుస్తారు, బాత్‌రూమ్ ఉన్న క్యాబిన్లే ముందుగా అయిపోతాయి. అయితే జనం రద్దు చేసుకున్నవి మళ్లీ జాబితాలోకి వస్తుంటాయి. మన మధ్యాహ్నం వాళ్లకు అర్ధరాత్రి. ఆ వేళలో చూడగా చూడగా నాకు ఒక క్యాబిన్ దొరికింది. అది అమ్మానాన్నలకు. చెల్లి కుటుంబానికి అదే ఆవరణలో కాన్వాస్ గుడారం తీసుకున్నాను. పిల్లలకు అదే సరదా, అద్దె కూడా తక్కువ.

నాన్నగారు మాత్రం అలిగారు. “బాత్‌రూమ్ లోపలే ఉంటే అది అడవి ఎలా అవుతుంది, సీతమ్మధారలో గది అవుతుంది గానీ” అన్నారు. అమ్మ తొణకలేదు: “మీరు గుడారంలో పడుకోండి, నేను క్యాబిన్‌లో పడుకుంటాను. అర్ధరాత్రి టార్చి పట్టుకుని తోడు రమ్మని మాత్రం నన్ను లేపకండి.” పగలు మనవడితో గుడారంలో కునుకు తీసి, చీకటి పడేలోగా క్యాబిన్‌కు వచ్చేయాలన్న షరతు మీద చివరికి ఇద్దరికీ రాజీ కుదిరింది.