రోజుకో మిల్లీమీటరు

సంక్రాంతికి ముందు రోజు మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ మీద స్కూటీపై వెళ్తున్నాను. మెడకు ఏదో గీసుకున్నట్టయి ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. చైనా మాంజా. 2017లోనే హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించిన దారం. మెడ దక్కింది, మణికట్టు తెగింది.

దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఆరు కుట్లు వేసి పంపేశారు. మూడో రోజుకీ చిటికెన వేలు, ఉంగరపు వేలిలో దాని పక్క సగం మొద్దుబారే ఉన్నాయి. "మత్తు ఇంకా దిగలేదేమోనే" అంది అత్తమ్మ. నేనూ అదే అనుకున్నాను. అక్కడ ఒక్కరైనా ఆ వేళ్లు ముట్టుకుని "తెలుస్తోందా?" అని అడగలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

ప్లాస్టిక్ సర్జన్ నా రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒక చీటీ పెట్టి లాగారు. కుడి చెయ్యి వదల్లేదు. ఎడమ బొటనవేలు కణుపు దగ్గర మడత పడింది, చీటీ జారిపోయింది. "చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరం తెగిందమ్మా. పైన తోలు కుడితే లోపల నరం అతుక్కోదు" అన్నారు. మర్నాడే మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టారు. కొసలు అందాయి కాబట్టి సరిపోయింది. అందకపోతే కాలి నుంచి ఒక నరం ముక్క తీసి అతికేవారట.

కుట్టగానే పని చేస్తుందనుకున్నాను. తెగిన చోటు నుంచి కిందికి పాత తంతువులు చచ్చిపోతాయి. మిగిలిన తొడుగులోకి పైనుంచి కొత్తవి పెరుగుతూ రావాలి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మా ఆయన స్కేలు పెట్టి కొలిచారు. మణికట్టు నుంచి వేలి కొసకు 15 సెంటీమీటర్లు. అంటే ఐదు నెలలు, మొదలవడానికి ఇంకొన్ని వారాలు. ఈలోగా వేళ్లు వంకరపోకుండా స్ప్లింట్, ఫిజియోథెరపీ. రాత్రిళ్లు చుర్రుమనే నొప్పికి గాబాపెంటిన్. దాంతో నొప్పి తగ్గేది, నరం పెరగడం మాత్రం దాని పని కాదు. పగలంతా తూగుతూ ఉండేదాన్ని.

నెలకోసారి డాక్టరుగారు మణికట్టు నుంచి వేలి వైపు తట్టుకుంటూ వచ్చేవారు. కరెంటు కొట్టినట్టు జివ్వుమన్న చోట పెన్నుతో గీత. కొత్త తంతువులు అక్కడిదాకా వచ్చాయన్నమాట. ఆ గీత ముందుకు జరిగితే ఆ రోజు ఇంట్లో పండగే. మధ్యలో ఓసారి వేడి చాయ్ గ్లాసుకు చిటికెన వేలు ఆనించి కూర్చున్నానట. బొబ్బ కనిపించాకే తెలిసింది.

ఇప్పుడు పదో నెల. పట్టు పూర్తిగా రాలేదు, ఏసీ గదిలో వేలు జివ్వున లాగుతుంది. రోజూ కళ్లు మూసుకుని బియ్యం డబ్బాలో శనగలు వెతకడం నా ఎక్సర్‌సైజు. మొన్న చిటికెన వేలి మీద ఏదో పాకింది. పురుగు.

బియ్యం ఎండబెట్టాలి, చెయ్యి తియ్యమంది అత్తమ్మ. ఇంకాసేపు అలాగే ఉంచాను.