పిల్లాడి కంటి ఎత్తులో

కనుమ నాడు మా అబ్బాయిని కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్లాం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు వస్తారని దారంతా చెబుతూనే ఉన్నాను. అలంకరించిన ఎత్తైన ప్రభ కౌశిక నీళ్లలోకి దిగుతుంటే వాడు వాళ్ల మావయ్య భుజాల మీద నుంచి ఒకటే కేకలు. తిరిగొస్తుంటే ఒక కొబ్బరితోటలో గుండాట అనే జూదం కనిపించింది. పరదా మీద రంగుల బొమ్మలు, బొమ్మల మీద నోట్లు. ఎనిమిదేళ్ల వాడు నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"అమ్మా, మన గ్యాస్ స్టేషన్‌లో టికెట్స్ లాగే ఉంది!"

"అక్కడ కూడా ఇవి ఉంటాయా?" అని మా అమ్మ ఆశ్చర్యపోయింది.

ఉంటాయి. మేముండేది అమెరికాలో, మాసచూసెట్స్ రాష్ట్రంలో. గీకి చూసుకునే లాటరీ టికెట్‌ని, అంటే స్క్రాచ్ టికెట్‌ని, మొదట అమ్మింది ఆ రాష్ట్ర లాటరీయే, 1974లో. అదే ఏడాది ఇక్కడ జూదాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. ఇక్కడ పోలీసులొస్తే పరదా చుట్టేసి పరిగెడతారు. అక్కడ ప్రభుత్వమే అమ్మి, లాభాన్ని ఊళ్లకి పంచుతుంది. మేం వెళ్లే గ్యాస్ స్టేషన్, అదే పెట్రోల్ బంకు, కొట్లో ఆ టికెట్లు చాక్లెట్ల పక్కనే, గాజు పెట్టెలో, సరిగ్గా మావాడి కంటి ఎత్తులో ఉంటాయి.

మొన్న క్రిస్మస్‌కి పక్కింటి పెద్దావిడ ప్రేమగా చాక్లెట్లతో పాటు ఒక టికెట్ కూడా ఇచ్చింది. దాని మీద ఎర్ర మఫ్లర్ చుట్టుకున్న మంచుబొమ్మ. వాడు పావు డాలర్ బిళ్లతో గీకుతుంటే బల్లంతా బూడిదరంగు పొడి. ఒకే బొమ్మ మూడుసార్లు రావాలి. రెండొచ్చాయి. మూడోది మెల్లగా, ఊపిరి బిగబట్టి గీకాడు. రాలేదు. "అమ్మా, కొంచెంలో పోయింది! ఇంకోటి కొందామా?"

నాకు కడుపులో తిప్పినట్టయింది. కొంచెంలో పోవడమేంటి, ఆ టికెట్ అచ్చు వేసిన రోజే ఓడిపోయింది. వాడికది ఎలా తెలుస్తుంది?

18 ఏళ్లు నిండనివాళ్లకి టికెట్ అమ్మకూడదు. కానీ పెద్దవాళ్లు కొని పిల్లలకి కానుకగా ఇవ్వొచ్చని ఆ రాష్ట్ర చట్టంలోనే ఉంది. మరోపక్క, పిల్లలకి లాటరీ టికెట్లు ఇవ్వకండని నేషనల్ కౌన్సిల్ ఆన్ ప్రాబ్లమ్ గ్యాంబ్లింగ్ అనే, జూద వ్యసనం మీద పనిచేసే సంస్థ క్రిస్మస్‌కి ప్రచారం చేస్తుంది. అందులో చాలా లాటరీ సంస్థలే చేరతాయి. అంత దిగులుంటే ముందు ఆ మంచుబొమ్మని తీసేయొచ్చు కదా! పెద్దవాళ్లకి చిన్నతనం గుర్తురావాలని అలా వేస్తారంటారు. మరి ఇంకా చిన్నతనంలోనే ఉన్నవాడి సంగతేంటి?

నేనూ పడ్డాను ఈ వలలో. మా బడి పక్క కొట్లో లాటరీ అట్ట వేలాడేది. పావలా ఇస్తే ఒక చీటీ చింపుకోవచ్చు. అట్ట పైన పసుపు బెల్టు వాచీ. నాకు బఠాణీలంత రంగు గోళీలు వచ్చేవి. ఆ వాచీ ఎవరి చేతికీ రాగా నేను చూడలేదు.

కనుమ నాటి రాత్రి అరుగు మీద నేనూ మావాడూ కూర్చుని పాత క్యాలెండర్ చింపి వంద చీటీలు చేశాం. ఒక్కదాని మీదే వాచీ అని రాశాం. చీటీ రూపాయి, వాచీ ఇరవై రూపాయలు. వాణ్ణే కొట్టువాణ్ణి చేసి, అమ్మమ్మా నేనూ చింపుతూ పోయాం. అన్నీ అయ్యాక వాడు లెక్కపెట్టుకున్నాడు. వాడి దగ్గర ఎనభై మిగిలాయి.

"అమ్మా, నేను కొనను," అన్నాడు. కాసేపాగి, "అమ్ముతా," అన్నాడు.

దానికేం చెప్పాలో నాకింకా తోచలేదు.