హాబీలు: ఏమీ లేవు

తిరుపతి పక్కన ఒక వృద్ధాశ్రమానికి మూణ్ణెల్ల రిక్రియేషన్ థెరపీ (ఆటలతో, చేతిపనులతో చేసే చికిత్స) ప్లాన్ రాసిచ్చాను. మూడోసారి రాస్తే గానీ ఒప్పుకోలేదు, అదీ సెషన్లు మొదలయ్యాక, నిన్ననే. గది, కుర్చీలు, డాక్టరు సంతకం ఒక్క పూటలో తెమిలాయి. మీరూ ఇలాంటిది పెడుతుంటే, పడమటి గది ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. మన ఎండలకి మధ్యాహ్నం మూడు దాటితే అందులో ఎవరూ కూర్చోలేరు.

నన్ను ముంచింది అసెస్‌మెంట్ ఫారం, అంటే ఒక్కొక్కరి వివరాలు ముందుగా అడిగి రాసుకునే కాగితం. ఇంగ్లీషు నమూనాని తెలుగు చేసి పట్టుకెళ్ళాను. 'మీ హాబీలు ఏమిటి?' అన్న గడిలో 32 మందిలో 27 మందికి 'ఏమీ లేవు' అనే రాయాల్సొచ్చింది. ఆ గళ్ళను నమ్మి అందరికీ సరిపోతాయని బంతి పట్టే ఆట, బొమ్మలకు రంగులు వేయడం పెట్టాను. మొదటిరోజే ఒక అవ్వ ఒళ్ళో పడిన బంతిని కింద పెట్టి, "నేనేమన్నా చంటిబిడ్డనా సామీ?" అని లేచిపోయింది. ఆమె వెనకే ఇంకో నలుగురు. గుమ్మంలో ట్రస్టీ నిలబడి చూస్తున్నాడు. "దీనికేనా ప్లాను?" అన్నాడు.

తప్పు ప్రశ్నది. చెనిక్కాయల చేలో, బెల్లం గానుగ కాడ బతుకంతా గడిపినోళ్ళని తీరిగ్గా ఏం చేసేవాళ్ళని అడిగితే ఏం చెప్తారు? ఫారం చించి మళ్ళీ రాశాను. తెల్లారి లేస్తే మొదట పట్టే పని ఏది? చేతులు దేనికి అలవాటు? పెళ్ళిళ్ళలో ఏ పనికి మిమ్మల్ని పిలిచేవాళ్ళు? గంగజాతరకి మీ ఇంట్లో మీ వంతు ఏంది? మనిషికి అరగంట పట్టింది, అందరికీ కలిపి రెండు వారాలు. పూలు కట్టినోళ్ళు, విస్తళ్ళు కుట్టినోళ్ళు బయటపడ్డారు. లారీ తోలిన తాత ఒకాయన మద్రాసు దారిలో పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు అని తడుముకోకుండా చెప్పాడు. అదే ఆయన జ్ఞాపకశక్తి ఆట అయింది, ఊరు ఊరుకీ ఒక చీటీ.

జాతర చీటీలు ఇంకా బాగా నడిచాయి. తిరుపతి గంగజాతరలో రోజుకొకటిగా కట్టే బైరాగి, బండ, తోటి, దొర వేషాలను వరసలో పెట్టాలి. వరస మరిచినోళ్ళకి ఒంటికి పూసే రంగు చెప్తే చాలు: బైరాగికి తెలుపు, బండకి ఎరుపు, తోటికి నలుపు. గుంపులో ఆరుగురికి మించితే గట్టిగొంతు వాళ్ళే మాట్లాడతారు. అరవం మాట్లాడే వాళ్ళుంటే పక్కన ఆ భాష వచ్చిన ఆయాని కూర్చోబెట్టండి.

ఫారంలో ఇవి కూడా రాసుకోవాలి: ఏ చెవి బాగా వినిపిస్తుంది, ఎన్ని నిమిషాలు కూర్చోగలరు, పిడికిలి బిగుస్తుందా, నీళ్ళు తాగితే దగ్గొస్తుందా. దగ్గొచ్చే వాళ్ళకి చెనిక్కాయలు ఒలిచే పని ఇవ్వకండి, ఒలిచింది నోట్లో వేసుకుంటారు. 15 ప్రశ్నల డిప్రెషన్ స్కేలు కూడా ముందే చేయండి. మార్కు 5 దాటితే డాక్టరుకి చూపాలి. 'నాకేం వద్దు' అనడం ఆ మనిషి స్వభావమో, జబ్బో ఆటలతో తేలదు.

టైం విషయంలో నర్సు మాట వినండి, ట్రస్టీది కాదు. పొద్దున నీటిమాత్ర (ఒంట్లో నీరు తీసే మందు) వేసుకున్నోళ్ళు ఆ తర్వాత ఓ రెండు గంటల సేపు బాత్‌రూం చుట్టూ తిరుగుతూనే ఉంటారు. తొమ్మిదికి పెట్టమన్నాడాయన, పది దాటాకే జనం నిలిచారు. సెషన్ 40 నిమిషాలు, ఒక్క నిమిషం కూడా పెంచొద్దు. మతిమరుపు జబ్బున్న వాళ్ళకి పొద్దువాలే వేళ కలత ఎక్కువ, కాబట్టి నాలుగున్నరకే లైట్లు వేసి, బట్టలు మడతపెట్టడం లాంటి నిమ్మళమైన పని ఇవ్వాలి. కుర్చీ వ్యాయామానికి చేతులున్న కుర్చీ కావాలి. ప్లాస్టిక్‌ది టైల్స్ మీద జారుతుంది, వెనక గోడ ఉండాల్సిందే. చక్రాల కుర్చీకి రెండు బ్రేకులూ వేయాలి, పాదాలు నేలమీద ఆనాలి. అయ్యాక ఒక నిమిషం కూర్చోబెట్టి లేపండి, గబుక్కున లేస్తే బీపీ పడి తూలుతారు. ముగ్గు నేలమీద కాదు, బల్లమీద నల్లటి చార్టు పరిచి వేయించాలి. వామనగుంటలకి చింతగింజలు వేళ్ళకి దొరకవు, గచ్చకాయలు వాడండి.

దాతల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పుట్టినరోజని చెప్పాపెట్టకుండా దిగుతారు, పదిన్నరకి లడ్డూలు పంచుతారు, ఫొటోలు తీసుకుంటారు. సెషన్ పోతుంది, షుగరున్న వాళ్ళ లెక్కలు తప్పుతాయి. అనుమతి లేకుండా ఫొటో వద్దని, వచ్చేది మూడున్నర టీ వేళకేనని గేటు దగ్గర బోర్డు పెట్టించాను. పెట్టించడానికే పదిరోజులు పట్టింది.

ప్లాన్ రెండుసార్లు తిరిగొచ్చింది లక్ష్యాల దగ్గర. 'ఉల్లాసం కలిగించుట' అని రాస్తే రేపు ఏం కొలుస్తారు? 'ఒకసారి గుర్తుచేస్తే వచ్చి, వారానికి 3 రోజులు, 20 నిమిషాలు పూలు కడతారు' అని రాయాలి. నాలుగు వారాలకోసారి చూసి మార్చాలి. రిజిస్టర్లో హాజరు టిక్కు పనికిరాదు. పూర్తిగా చేస్తే 'పూ', కొంచెం చేస్తే 'కొ', పక్కన కూర్చుని చూస్తే 'చూ', రాకపోతే గీత. బంతి కింద పెట్టిన అవ్వ పేరు ముందు మూడు వారాలు గీతలే. ఈ వారం పూలబల్ల దగ్గర రెండు 'చూ'లు పడ్డాయి.